చాట్‌బాట్ క్రాలర్‌ను ఫైర్‌వాల్ దాటనివ్వడం: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికి, విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాలు ప్రచురించే సంస్థకు, మంగళగిరి చీరలను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి నిన్నమొన్నటి వరకు ఒకటే చింత ఉండేది: మన వెబ్‌సైటు గూగుల్‌లో పైన కనిపిస్తోందా లేదా అని. ఇప్పుడు కొనేవారిలో కొందరు చాట్‌జీపీటీనో, క్లాడ్‌నో, పర్‌ప్లెక్సిటీనో అడుగుతున్నారు. తేజ రకం మిర్చి పంపగల ఎగుమతిదారులు గుంటూరులో ఎవరున్నారని ఒకరు అడిగితే, జవాబు చెప్పడానికి ఆ చాట్‌బాట్ తరఫున ఒక ప్రోగ్రాము వెబ్‌సైట్లకు వెళ్లి పేజీలు చదువుకుంటుంది. దాన్నే క్రాలర్ అంటాం. మన సైటుకు రక్షణగా పెట్టుకున్న ఫైర్‌వాల్ ఆ క్రాలర్‌ను 403 (అనుమతి లేదు) కోడుతో తిప్పి పంపేస్తే, లోపల ఎంత విలువైన సమాచారం ఉన్నా ఆ జవాబులో దానికి చోటు దొరకదు.

అలాగని ఫైర్‌వాల్‌ను పక్కన పెట్టే పరిస్థితి కూడా లేదు. రీడ్ ద డాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పత్రాల వేదిక, 2024 మే నెలలో ఒకే ఒక్క క్రాలర్ తమ సర్వర్ల నుంచి 73 టెరాబైట్ల ఫైళ్లు దించుకుందని, బ్యాండ్‌విడ్త్ రూపంలో తమపై 5,000 డాలర్లకు పైగా భారం పడిందని ప్రకటించింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో, తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడ్లకు ఖర్చయ్యే బ్యాండ్‌విడ్త్ 2024 జనవరి నుంచి 50 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలకు ప్రధాన కారణం మనుషులు కాదని, బాట్లేనని, అంటే తమంతట తాము తిరిగే ప్రోగ్రాములేనని తెలిపింది. అంత పెద్ద సంస్థలకే ఇంత బరువైనప్పుడు, ఏడాదికి కొన్ని వేల రూపాయలు కట్టి, ఒకే సర్వర్‌ను అనేక సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో నడుపుకునే మన సైట్లు అదుపులేని క్రాలర్‌ను తట్టుకోలేవు.

కాబట్టి రానివ్వాలా వద్దా అన్న ఒకే ప్రశ్నతో ఈ విషయం తేలదు. ఏ పని మీద వచ్చిన క్రాలర్‌ను, ఏ పేజీల వరకు, ఏ ఆధారంతో గుర్తుపట్టి రానివ్వాలి అన్న మూడు నిర్ణయాలు విడివిడిగా తీసుకోవాలి. ఈ మూడింటినీ కలిపి ఒకే మీటతో తేల్చే సెట్టింగు ఏదైనా, అవసరానికి మించి తెరుస్తుంది లేదా అవసరమైనదాన్ని కూడా మూసేస్తుంది.

వచ్చేవన్నీ ఒకే పని మీద రావు

చాట్‌బాట్ సంస్థలు ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరుతో క్రాలర్లను నడుపుతున్నాయి. ఓపెన్‌ఏఐ విషయానికొస్తే, 2023 ఆగస్టులో ప్రకటించిన జీపీటీబాట్ మోడల్ శిక్షణకు పాఠం సేకరిస్తుంది. ఓఏఐ-సెర్చ్‌బాట్ చాట్‌జీపీటీలోని వెతుకులాటకు పేజీల జాబితా తయారు చేస్తుంది. చాట్‌జీపీటీ-యూజర్ మాత్రం ఎవరో ఒక మనిషి ప్రశ్న అడిగినప్పుడు అప్పటికప్పుడు వచ్చి ఆ పేజీని తెరుస్తుంది. ఆంత్రోపిక్ కూడా ఇదే తీరులో క్లాడ్‌బాట్, క్లాడ్-సెర్చ్‌బాట్, క్లాడ్-యూజర్ అనే మూడింటిని వేరుచేసింది. పర్‌ప్లెక్సిటీకి పర్‌ప్లెక్సిటీబాట్, పర్‌ప్లెక్సిటీ-యూజర్ అని రెండున్నాయి. సెట్టింగుల్లో ఈ పేర్లు రాసేటప్పుడు ఆయా సంస్థలు తమ పత్రాల్లో ప్రకటించిన ఇంగ్లీషు అక్షరక్రమాన్నే పొల్లుపోకుండా రాయాలి. ఒక్క అక్షరం తప్పినా నియమం పనిచేయదు, పనిచేయడం లేదన్న హెచ్చరిక కూడా రాదు.

గూగుల్ సంగతి ప్రత్యేకంగా చూడాలి. గూగుల్-ఎక్స్‌టెండెడ్ అన్నది విడిగా వచ్చే క్రాలర్ కాదు. ఏ క్రాలర్ ఏ పేజీలు చూడవచ్చో సైటు యజమాని రాసిపెట్టే రోబోట్స్ ఫైలులో (robots.txt) మాత్రమే పనిచేసే ఒక గుర్తు అది. జెమినై శిక్షణకు మన పాఠాన్ని వాడవద్దని చెప్పడానికి దాన్ని వాడతారు, దానివల్ల గూగుల్ సెర్చ్‌లో మన స్థానం మారదు. ఆ పేరు పెట్టుకుని ఏదీ రాదు కనుక దాన్ని ఫైర్‌వాల్‌లో ఆపే ప్రయత్నం వృథా. సెర్చ్ ఫలితాల పైన కనిపించే ఏఐ సారాంశాలు మామూలు గూగుల్‌బాట్ తెచ్చిన పేజీల మీదే ఆధారపడతాయి. ఏఐ మీద అయిష్టంతో గూగుల్‌బాట్‌నే ఆపేసిన వారు గూగుల్ సెర్చ్ నుంచే తప్పుకున్నవారవుతారు. మైక్రోసాఫ్ట్ కోపైలట్‌కు బింగ్‌బాట్‌తో ఉన్న సంబంధం కూడా ఇలాంటిదే.

ఈ మూడు రకాల్లో మనిషి అడిగితే వచ్చేదానికి మొదటి స్థానం ఇవ్వాలని నా నిశ్చితాభిప్రాయం. ఆ వచ్చిన అభ్యర్థన వెనుక మన పేజీ చూడాలనుకుంటున్న ఒక కొనుగోలుదారో, రోగి బంధువో, పాఠకుడో ఆ క్షణంలో ఎదురుచూస్తుంటారు. రెండో స్థానం సెర్చ్ క్రాలర్లది, ఎందుకంటే జవాబుతోపాటు మన సైటు లింకు చూపించేవి అవే. శిక్షణ క్రాలర్ల విషయంలో మాత్రం అందరికీ ఒకే సలహా చెప్పలేం. అమ్మే వస్తువు వేరు, దాని గురించిన రాత వేరు అయినవారు రానివ్వవచ్చు, రాతే అమ్మకపు వస్తువైనవారు ఆలోచించాలి. జీపీటీబాట్‌ను ఆపి ఓఏఐ-సెర్చ్‌బాట్‌ను రానివ్వడానికి ఎలాంటి అడ్డూ లేదు. రెండూ దేనికది వేర్వేరు అనుమతులని ఓపెన్‌ఏఐ స్వయంగా చెబుతోంది.

ముందుగా, ఆపుతున్నది ఎవరు?

పద్ధతులను పోల్చే ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. ఒక సాధారణ సైటుకు మూడు నాలుగు పొరల్లో రక్షణ ఉంటుంది: ముందు, వచ్చేవారిని సర్వర్ దాకా చేరకముందే వడకట్టే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవ, తర్వాత హోస్టింగ్ సంస్థ నడిపే మాడ్‌సెక్యూరిటీ లేదా ఇమ్యూనిఫై360 అనే రక్షణ సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత వర్డ్‌ప్రెస్‌లో వర్డ్‌ఫెన్స్ వంటి ప్లగిన్. ఒక పొరలో దారి తెరిచి, మరో పొరలో అడ్డు అలాగే ఉంచి, క్రాలర్ రావడం లేదని నిరుత్సాహపడేవారు చాలామంది కనిపిస్తారు.

హోస్టింగ్ నిర్వహణకు వాడే సీప్యానెల్‌లో రా యాక్సెస్ అనే చోట, వచ్చిన ప్రతి అభ్యర్థన నమోదయ్యే సర్వర్ లాగ్ దొరుకుతుంది. అందులో చాట్‌జీపీటీ-యూజర్ పేరు ఉండి, పక్కన 403 లేదా 406 ఉంటే అడ్డు మన సర్వర్‌లో ఉందని అర్థం. 503 ఉంటే సర్వర్ అలసిపోయి ఉండవచ్చు, లేదా వర్డ్‌ఫెన్స్ అభ్యర్థనల వేగాన్ని చూసి ఆపి ఉండవచ్చు. చాట్‌బాట్‌కు లింకు ఇచ్చి పేజీ తెరవమన్నా లాగ్‌లో అసలు ఆ పేరే కనిపించకపోతే, అది సర్వర్ దాకా రాలేదు. ముందున్న క్లౌడ్‌ఫ్లేర్ వంటి చోట ఆగిపోయి ఉండవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్‌లో సెక్యూరిటీ ఈవెంట్స్ పేజీ తెరిస్తే ఏ నియమం ఆపిందో పేరుతో సహా తెలుస్తుంది.

మన ప్రాంతపు సైట్లలో తరచుగా కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది దేశాల వారీ నిషేధం. కస్టమర్లందరూ కృష్ణా, గుంటూరు, పల్నాడు జిల్లాలవారే కదా, దాడులన్నీ విదేశాల నుంచే కదా అని భారతదేశం తప్ప మిగతా దేశాలన్నింటినీ ఆపేసే సైట్లున్నాయి. ఉద్దేశం మంచిదే. కానీ చాట్‌బాట్ క్రాలర్లు ఎక్కువగా అమెరికాలోని డేటా సెంటర్ల నుంచి వస్తాయి. అడిగిన మనిషి బెంజి సర్కిల్‌లో కూర్చుని ఉన్నా, పేజీ తెరవడానికి వచ్చే అభ్యర్థన మాత్రం సముద్రాల అవతలి నుంచి వస్తుంది. కాబట్టి క్రాలర్‌కు ఇచ్చే మినహాయింపు దేశాల నియమం కంటే ముందు వరుసలో ఉండాలి.

రెండోది, మనం ఏమీ చేయకుండానే పడిన అడ్డు. క్లౌడ్‌ఫ్లేర్ 2024 జూలైలో ఏఐ బాట్లను ఒకే నొక్కుతో ఆపే సౌకర్యం తెచ్చింది. 2025 జూలై 1 నుంచి కొత్తగా చేరే డొమైన్లకు, యజమాని అనుమతిస్తే తప్ప ఏఐ క్రాలర్లను ముందుగానే ఆపే పద్ధతికి మారింది. ఆ తర్వాత సైటు పెట్టుకున్నవారు, ఆనాడు సైటు కట్టిన డెవలపర్ ఏది ఎంచుకున్నాడో ఒకసారి చూసుకోవడం మంచిది.

మూడోది తెలుగుకే ప్రత్యేకమైనది. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే, అవి సర్వర్‌కు చేరేటప్పుడు ఒక్కొక్క యూనికోడ్ అక్షరం శాతపు గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తుల వరుసగా మారిపోతుంది. పది పన్నెండు మాటల తెలుగు శీర్షికను యథాతథంగా చిరునామాగా పెడితే అది వందల గుర్తుల పొడవు అవుతుంది. మాడ్‌సెక్యూరిటీలో వాడే ఓవాస్ప్ నియమావళిని కఠిన స్థాయికి పెంచినప్పుడు, ఇంగ్లీషు అక్షరాల పరిధి దాటిన ఇలాంటి చిరునామాలు అనుమానాస్పదంగా లెక్కకు వస్తాయి. అప్పుడు క్రాలర్‌కే కాదు, మనిషికీ పేజీ తెరుచుకోదు. దీనికి క్రాలర్ మినహాయింపు మందు కాదు. ఆ ఒక్క నియమాన్ని మన సైటు వరకు సడలించమని హోస్టింగ్ సంస్థను అడగాలి.

రోబోట్స్ ఫైలు ఒక్కటే చాలా?

రోబోట్స్ ఫైలు పద్ధతి 1994 నాటిది; మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఆ ఏర్పాటు 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో ప్రమాణంగా వెలువడింది. ఖర్చు లేదు, ఎవరైనా రాయగలరు, క్రాలర్ పేరు వారీగా, ఫోల్డరు వారీగా చెప్పవచ్చు. అయితే అది మన కోరికను తెలియజేసే కాగితమే కానీ, ఎవరినీ బలవంతంగా ఆపదు. పైగా మనిషి అడిగితే వచ్చే రకాల విషయంలో సంస్థల తీరు ఒకటిగా లేదు: క్లాడ్-యూజర్ రోబోట్స్ ఫైలును పాటిస్తుందని ఆంత్రోపిక్ చెబుతుండగా, పర్‌ప్లెక్సిటీ-యూజర్ సాధారణంగా దాన్ని పట్టించుకోదని పర్‌ప్లెక్సిటీ తన పత్రాల్లోనే రాసింది.

ముఖ్యంగా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఫైర్‌వాల్ ఆపుతున్నప్పుడు రోబోట్స్ ఫైలులో రండి అని రాసినందువల్ల ప్రయోజనం లేదు. అంతకంటే చిక్కు ఏమిటంటే, ఫైర్‌వాల్ రోబోట్స్ ఫైలునే మూసేయడం. ప్రమాణం ప్రకారం ఆ ఫైలుకు 403 వంటి 400 వరస కోడు వస్తే, సైటులో నిషేధాలేవీ లేవని క్రాలర్ భావించవచ్చు. 503 వంటి 500 వరస కోడు వస్తే సైటు మొత్తం నిషిద్ధమని భావించాలి. అంటే ఫైర్‌వాల్ పంపే కోడును బట్టి, మనం వద్దన్న పేజీలకు అనుమతి ఇచ్చినట్టో, రమ్మన్న పేజీలకు నిషేధం పెట్టినట్టో అర్థం మారిపోతుంది. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, రోబోట్స్ ఫైలు మాత్రం ఫైర్‌వాల్ అడ్డు లేకుండా అందరికీ తెరుచుకోవాలి. రహస్య ఫోల్డర్ల పేర్లు అందులో రాయకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఫైలును ఎవరైనా చదవగలరు.

పేరు చూసి మినహాయింపు ఇవ్వడం

ఫైర్‌వాల్‌లో అందరూ మొదట చేసేది ఇదే: యూజర్ ఏజెంట్‌లో ఫలానా పేరు ఉంటే వదిలేయమని నియమం రాయడం. క్షణంలో అయిపోతుంది, క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లోనూ కుదురుతుంది. కానీ యూజర్ ఏజెంట్ అన్నది వచ్చినవారు తమ గురించి తాము చెప్పుకునే మాట మాత్రమే. ఎవరైనా ఒక చిన్న ప్రోగ్రాములో ఆ పేరు రాసుకుని రావచ్చు. మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర లారీ మీద రాసిన పేరు చూసి సరుకు ఎత్తనివ్వరు, చేతిలోని కాగితాన్ని రిజిస్టరుతో సరిపోల్చుకుంటారు. ఇక్కడ కూడా పేరును దేనితోనైనా సరిపోల్చితేనే దానికి విలువ.

అందువల్ల ఈ పద్ధతిని విడిగా వాడవద్దు. వాడక తప్పని పరిస్థితిలో, మినహాయింపును బాట్ తనిఖీ వరకే పరిమితం చేయాలి. డేటాబేస్ దాడులను, ఫైలు చొప్పింపులను అడ్డుకునే నియమాలు ఆ పేరుతో వచ్చినవారికీ వర్తిస్తూనే ఉండాలి. పేజీలు చదవడానికి వాడే గెట్, హెడ్ అభ్యర్థనలకు మాత్రమే వర్తించేలా, లాగిన్, చెకౌట్, అడ్మిన్ చిరునామాలకు వర్తించకుండా రాయాలి.

ఐపీ చిరునామాలతో సరిపోల్చడం

ఓపెన్‌ఏఐ తన మూడు క్రాలర్లు వాడే ఐపీ పరిధులను, అంటే అవి ఏ ఇంటర్నెట్ చిరునామాల నుంచి వస్తాయో ఆ జాబితాలను, ప్రోగ్రాములు చదవగల జేసన్ ఫైళ్లుగా వేర్వేరుగా ప్రచురిస్తుంది. గూగుల్ కూడా ప్రచురిస్తుంది. గూగుల్‌బాట్ విషయంలో ఐపీ నుంచి డొమైన్ పేరును, ఆ పేరు నుంచి తిరిగి ఐపీని రాబట్టి రెండూ కలిశాయో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. పేరు, ఐపీ రెండూ కలిసినప్పుడే వదిలే నియమం చాలా గట్టిది.

దీని బలహీనత నిర్వహణలో ఉంది. ఆ జాబితాలు మారుతుంటాయి. ఎవరో ఒకరు వాటిని మళ్లీ దించుకుని నియమంలో మార్చకపోతే, నెలలు గడిచేకొద్దీ అసలైన క్రాలర్లే ఆగిపోవడం మొదలవుతుంది. సొంత సర్వర్ ఉండి, ఈ పనిని రోజూ దానంతట అదే జరిగేలా స్క్రిప్టు రాసుకోగలవారికి ఇది మంచి ఎంపిక. సైటు కట్టిన కుర్రాడు ఉద్యోగం మీద హైదరాబాదు వెళ్లిపోయి, పాస్‌వర్డులు మాత్రమే మిగిలిన చిన్న దుకాణానికి ఇది సరిపోదు.

ఇంకా రెండు జాగ్రత్తలున్నాయి. సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ ఉంటే, సర్వర్‌కు కనిపించే ఐపీ క్లౌడ్‌ఫ్లేర్‌దే కానీ క్రాలర్‌ది కాదు. అసలు సందర్శకుడి ఐపీని సర్వర్ తెలుసుకునేలా అమర్చనిదే సర్వర్‌లోనో, ప్లగిన్‌లోనో పెట్టిన ఐపీ జాబితా పనిచేయదు. వర్డ్‌ఫెన్స్‌లో సందర్శకుల ఐపీని ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగు ఇందుకే ఉంది. రెండోది, అదే వర్డ్‌ఫెన్స్‌లో అనుమతి జాబితాలో చేర్చిన ఐపీలు దాని నియమాలన్నింటినీ దాటిపోతాయి. బాట్ తనిఖీ ఒక్కటే కాదు, దాడుల నియమాలు కూడా వాటికి వర్తించవు. అంత పెద్ద అధికారాన్ని పొడవైన ఐపీ పరిధులకు కట్టబెట్టడం నాకు సమ్మతం కాదు. ప్లగిన్‌లో వేగ పరిమితిని కొంత సడలించి, మినహాయింపును ముందు పొరలో ఇవ్వడమే మేలు.

గుర్తింపు పనిని ముందున్న సేవకు అప్పగించడం

క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవలు ఏ క్రాలర్ నిజమైనదో తామే తనిఖీ చేసి, ధ్రువీకరించిన బాట్ల జాబితా నిర్వహిస్తాయి. వాటిని ఏఐ క్రాలర్, ఏఐ సెర్చ్, ఏఐ అసిస్టెంట్ అని పని వారీగా విభజించాయి కూడా; పైన చెప్పిన మూడు రకాలకు ఇవి దాదాపుగా సరిపోతాయి. ఏఐ క్రాల్ కంట్రోల్ అనే పేజీలో ఏ క్రాలర్ ఎన్నిసార్లు వచ్చిందో చూసి, ఒక్కొక్క దాన్ని అనుమతించవచ్చు, ఆపవచ్చు. ఐపీలు మారినా ఆ భారం మన మీద పడదు. పేరు దొంగిలించి వచ్చినవారు ఈ జాబితాలోకి రారు. విజయవాడ, గుంటూరుల్లోని చిన్న, మధ్యస్థాయి వ్యాపారాల్లో ఎక్కువమందికి నేను సూచించేది ఇదే.

లోపం లేదని కాదు. బాట్లను దానంతట అదే అడ్డుకునే ఉచిత ప్లాన్‌లోని బాట్ ఫైట్ మోడ్‌ను కస్టమ్ నియమాలతో దాటించడం కుదరదు. అది ఆన్‌లో ఉన్నంతకాలం మీరు రాసిన మినహాయింపు పనిచేస్తుందన్న నమ్మకం లేదు, కాబట్టి దాన్ని ఆపి, దాని బదులు వేగ పరిమితి నియమం, లాగిన్ పేజీకి ప్రత్యేక నియమం పెట్టుకోవాలి. దాడి సమయంలో వాడే అండర్ ఎటాక్ మోడ్ వచ్చినవారందరికీ జావాస్క్రిప్టు పరీక్ష పెడుతుంది. క్రాలర్లు ఆ పరీక్షలో నెగ్గకపోవచ్చు. దాడి ముగిశాక దాన్ని తీసేయడం మరిచిపోతే సైటు నెలల తరబడి చాట్‌బాట్లకు కనిపించకపోవచ్చు.

అమెజాన్ క్లౌడ్‌లో ఉన్నవారు ఒక విషయం తప్పక గమనించాలి. అక్కడి ఫైర్‌వాల్ అయిన ఏడబ్ల్యూఎస్ వాఫ్‌లోని బాట్ కంట్రోల్ నియమాల సముదాయంలో ఏఐ బాట్ల వర్గానికి సంబంధించిన నియమం, ధ్రువీకరించినవైనా కాకపోయినా వాటన్నింటికీ ఒకేలా వర్తిస్తుంది. దాన్ని ఆపే స్థితి నుంచి లెక్కించే స్థితికి మార్చి, అది తగిలించే లేబుళ్ల ఆధారంగా మనకు కావలసిన నియమం విడిగా రాసుకోవాలి.

అభ్యర్థనల మీద డిజిటల్ సంతకం పెట్టి తన గుర్తింపును నిరూపించుకునే పద్ధతి కూడా వచ్చింది. దానికి ఆధారమైన ఆర్‌ఎఫ్‌సీ 9421 ప్రమాణం 2024లో వెలువడింది. చాట్‌జీపీటీ ఏజెంట్ అలాంటి సంతకం పెడుతోంది. సొంతంగా దాన్ని సరిచూసే ఏర్పాటు చిన్న సైట్లకు ఇప్పుడే అవసరం లేదు. క్రాల్ చేసినందుకు డబ్బు అడిగే పద్ధతిని, అంటే 402 కోడుతో ధర చెప్పే ఏర్పాటును క్లౌడ్‌ఫ్లేర్ 2025 జూలైలో పరిమితంగా ప్రారంభించింది. పెద్ద వార్తాసంస్థలకు అది ఉపయోగపడవచ్చు. దానిమీద ఆదాయం లెక్క వేసుకోవలసిన సమయం మన ఊరి సైట్లకు ఇంకా రాలేదు.

ఎవరికి ఏది తగినది

మిర్చి ఎగుమతిదారు సైటుకు మూడు రకాల క్రాలర్లనూ రానివ్వమనే చెబుతాను, శిక్షణ క్రాలర్లతో సహా. ఆయన అమ్మేది మిర్చి. తేజ, సన్నం, 334, బ్యాడిగి రకాల వివరాలు, తేమ శాతం, ఆస్టా రంగు విలువ, ఘాటు, ప్యాకింగ్ బరువులు ఎంతమందికి తెలిస్తే అంత మంచిది. విదేశీ కొనుగోలుదారులే లక్ష్యమైనప్పుడు దేశాల నిషేధం పెట్టుకోవడం సొంత వ్యాపారానికే అడ్డు. అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. రోజువారీ ధరల పట్టికను వాట్సాప్ కోసం చేసిన బొమ్మగానే సైటులో పెడితే, ఫైర్‌వాల్ ఎంత తెరిచినా అందులోని అంకెలు క్రాలర్‌కు చేరతాయన్న భరోసా లేదు. అదే పట్టికను అక్షరాలుగా పెట్టాలి, తెలుగులో కూడా పెట్టాలి. మిర్చి గురించి తెలుగులో అడిగిన రైతుకు, గుంటూరు యార్డు సంగతి తెలిసినవారు తెలుగులో రాసిన మాట జవాబుగా అందాలన్నది నా ఆశ. మన సైట్లు మూసి ఉన్నంతకాలం ఆ జవాబు వేరెవరో రాసిన ఇంగ్లీషు పేజీ నుంచి వస్తుంది.

చీరల సైటుకు అసలు ప్రమాదం వడపోతల చిరునామాలు. పన్నెండు రంగులు, ఆరు నేతలు, ఐదు ధరల శ్రేణులు, నాలుగు వరుసక్రమాలు ఉంటే, వాటి కలయికలతో 1,440 చిరునామాలు తయారవుతాయి. అన్నింటిలోనూ ఉండేవి అవే చీరలు. క్రాలర్ వాటన్నింటినీ ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతే డేటాబేస్ మీద భారం పడి, పండుగ రోజుల్లో అసలు కొనుగోలుదారులకే సైటు నెమ్మదిస్తుంది. కాబట్టి చీర పేజీలకు, విభాగాల పేజీలకు అనుమతి ఇచ్చి, వడపోత, వెతుకులాట, కార్టు చిరునామాలను రోబోట్స్ ఫైలులోనూ, ఫైర్‌వాల్‌లోనూ మూసేయాలి. వేగం హద్దు దాటితే 429 కోడు పంపడం సరైన పద్ధతి. కాసేపు ఆగి రమ్మని దాని అర్థం. 403 పంపితే అసలు రావద్దన్నట్టవుతుంది.

ఆసుపత్రి సైటులో వైద్యుల పేర్లు, విభాగాలు, ఓపీ వేళలు, ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీ) వివరాలు ఉన్న పేజీలను సెర్చ్ క్రాలర్లకు, మనిషి అడిగితే వచ్చేవాటికి తెరవాలి; రాత్రివేళ ఆసుపత్రి కోసం వెతికే కుటుంబానికి ఆ సమాచారం ఎంతో అవసరం. రోగుల రిపోర్టులు, అపాయింట్‌మెంట్ వివరాలు మాత్రం లాగిన్ వెనుకే ఉండాలి. ఫైర్‌వాల్ నియమంతోనో, రోబోట్స్ ఫైలులో ఒక వరుసతోనో వాటిని దాచామనుకోవడం ప్రమాదకరం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం ఆ డేటాను కాపాడే బాధ్యత దాన్ని సేకరించినవారిదే.

పుస్తక ప్రచురణకర్తల పరిస్థితి అన్నింటికంటే సున్నితమైనది. పుస్తకం పేరు, రచయిత, విషయసూచిక, వెనుక అట్ట మీది పరిచయం, ధర, దొరికే చోటు ఇవన్నీ సెర్చ్‌కు, మనిషి అడిగితే వచ్చేవాటికి తెరవాలి. పూర్తి అధ్యాయాలను, పత్రికల పాత సంచికలను శిక్షణ క్రాలర్లకు మూసి ఉంచాలి. ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా ఈ హక్కుల గురించినదే. ఒకసారి శిక్షణలోకి వెళ్లిన పాఠాన్ని వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు కనుక, తర్వాత తెరవగలిగేదాన్ని ఇప్పుడు మూసి ఉంచడంలో నష్టం తక్కువ. శిక్షణ క్రాలర్లను ఆపేటప్పుడు కామన్ క్రాల్ సంస్థకు చెందిన సీసీబాట్‌ను కూడా గుర్తుంచుకోవాలి. అది సేకరించిన పేజీలు శిక్షణకు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. విజయవాడ డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కూర్చిన పాఠాన్ని నేరుగా పీడీఎఫ్‌గా సైటులో పెట్టే అలవాటు ఉంది. అందులోని అక్షరాలు యూనికోడ్ తెలుగు కావు, క్రాలర్‌కు అర్థంలేని గుర్తులుగా చేరతాయి. పరిచయ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చనిదే ఫైర్‌వాల్ తెరిచినా ఫలితం లేదు.

కోచింగ్ సంస్థలకు పుస్తకాల నియమమే వర్తిస్తుంది: కోర్సులు, ఫీజుల పేజీలు తెరిచి, స్టడీ మెటీరియల్‌ను లాగిన్ వెనుక పెట్టడం.

తెరిచాక సరిచూసుకోవడం

నియమం మార్చిన వెంటనే చాట్‌బాట్‌ను అడిగి, జవాబు వచ్చింది కాబట్టి దారి తెరుచుకుందని అనుకోకూడదు. మన పేజీ చదవకుండానే, ఎప్పుడో నేర్చుకున్నదాని నుంచో, వేరే సైటు నుంచో అది జవాబు చెప్పి ఉండవచ్చు. పేజీ పూర్తి చిరునామా ఇచ్చి తెరవమని అడిగి, అదే నిమిషంలో సర్వర్ లాగ్‌లో ఆ క్రాలర్ పేరు పక్కన 200 (పేజీ అందింది) కోడు ఉందో లేదో చూడాలి. కర్ల్ వంటి సాధనంతో మన కంప్యూటరు నుంచే క్రాలర్ పేరు పెట్టుకుని పరీక్షించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఐపీతోనో, ధ్రువీకరణతోనో గుర్తుపట్టే పద్ధతి పెట్టుకున్నప్పుడు ఆ పరీక్షకు 403 రావడమే సరైన ఫలితం. 200 వస్తే, పేరు చెప్పిన ప్రతివారినీ ఫైర్‌వాల్ వదిలేస్తోందేమో చూసుకోవాలి. రోబోట్స్ ఫైలులో చేసిన మార్పు ఓపెన్‌ఏఐ వ్యవస్థలకు చేరడానికి సుమారు 24 గంటలు పడుతుంది కనుక ఆ భాగాన్ని మరునాడు చూసుకోవాలి.

ఫైర్‌వాల్ మీద తమకు ఏ అధికారమూ లేని షేర్డ్ హోస్టింగ్ వినియోగదారులు హోస్టింగ్ సంస్థకు టికెట్ రాయడమే మార్గం. ఏఐ పనిచేయడం లేదు అని ఒక్క వాక్యం రాస్తే, మొత్తం మాడ్‌సెక్యూరిటీనే ఆపేసి సమస్య తీరిందని బదులు రావచ్చు. అది సైటుకు హాని. లాగ్‌లోని తేదీ, సమయం, అడిగిన చిరునామా, యూజర్ ఏజెంట్, ఐపీ, వచ్చిన కోడు ఆ టికెట్‌లో యథాతథంగా పెట్టి, ఆపిన నియమం సంఖ్య ఏమిటో చెప్పమని, దాన్ని మన డొమైన్ వరకే, ఆ క్రాలర్ ప్రకటించిన ఐపీల వరకే సడలించమని, మిగతా నియమాలు యథాతథంగా ఉంచమని కోరాలి. అలా విడిగా సడలించడం తమ ప్లాన్‌లో కుదరదని వారు బదులిస్తే, సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ పెట్టుకున్నా ఆ సర్వర్‌లోని అడ్డు తొలగదు కాబట్టి, తర్వాతి రెన్యువల్‌కు ముందే ఆ నియంత్రణ ఇచ్చే హోస్టింగ్‌కు మారడం మంచిది.